నిలబెట్టిన ట్రాక్టర్‌కి కంప్రెషన్ ఎటు పోయింది?

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లె. నాన్న కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 డీఐ ట్రాక్టర్ ఉంది, 1998 మోడల్. నాన్నకి ఒంట్లో బాగోక పోయిన ఆగస్టు నుంచి ఈ ఏప్రిల్ దాకా బండి వేపచెట్టు కిందే ఉండిపోయింది. ఇప్పుడు పొద్దున పూట ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాదు. తెల్లపొగ వస్తుంది, కళ్ళు మండుతాయి. ఎండెక్కాక నలుగురం తోసి స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ మిస్సవుతున్నట్టు ఊగుతూ నడుస్తుంది. ఒక మెకానిక్ ‘కంప్రెషన్ పోయింది, బోరు పని చేయించాల్సిందే, 70 వేలు పెట్టుకోండి’ అన్నాడు. ఇంకొకాయన డీజిల్ పంపు విప్పి ఇమ్మన్నాడు. జూలైలో కాలవ వదిలితే దమ్ము మొదలవుతుంది. ఎవరి మాట వినాలో తెలీక టెన్షన్‌గా ఉంది. అన్నట్టు, ఆపే ముందు బండి బాగానే నడిచింది.

సమాధానం: ఉత్తరం చివర ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఒక మాట రాశారు చూడండి, ఆపే ముందు బండి బాగానే నడిచింది అని. నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. ఆ ఇద్దరు మెకానిక్‌లకీ ఈ మాట చెప్పారో లేదో. చెప్పి ఉంటే బోరు పని అన్నాయన ఒక నిమిషం ఆగి ఆలోచించేవాడు.

బోరు అంటే పిస్టన్ ఆడే గొట్టం. అది అరగాలంటే ఇంజన్ తిరగాలి. ఆగస్టులో బాగున్న బోరు చెట్టు కింద నిలబడి ఏప్రిల్‌కల్లా అరిగిపోదు. నిలబడ్డ బండికి వచ్చే రోగాలు వేరు. తుప్పు పడుతుంది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మసితో బిగుసుకుంటాయి, తలుపులా తెరిచి మూసే వాల్వ్ దాని గైడులో, అంటే అది ఆడే గొట్టంలో, అంటుకుపోతుంది, ఎలుకలు గూడు పెడతాయి. పైగా మీది మూడు సిలిండర్లూ కలిసి నీరసించిన ఇంజన్ కాదు, ఒక్కటే మిస్సవుతోందంటున్నారు. పాతికేళ్ళ అరుగుదల ఒక్క సిలిండర్‌ని ఎంచుకుని, మిగతా రెంటినీ వదిలెయ్యడం అరుదు.

మీ బండి సైలెన్సర్ పైకి నిలబడి ఉంటుందా? దాని మూతి మీద ఆ ఎనిమిది నెలలూ ఏమైనా బోర్లించారా? ఇది ముందు నాన్నగారిని అడగండి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మీ వైపు ఎన్ని వానలు, ఎన్ని వాయుగుండాలు! మూత లేని సైలెన్సర్‌లో పడ్డ నీళ్ళు మానిఫోల్డ్‌లోకి, అంటే సిలిండర్లని సైలెన్సర్‌తో కలిపే గొట్టంలోకి, దిగుతాయి. ఇంజన్ ఎక్కడ ఆగినా సాధారణంగా ఏదో ఒక సిలిండర్‌లో పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ కొంచెమైనా తెరుచుకునే ఉంటుంది. నీళ్ళు ఆ వాల్వ్ మీదికి, అది మూసుకుని కూర్చునే సీటు మీదికి, ఒక్కోసారి పిస్టన్ నెత్తి మీదికి కూడా చేరతాయి. మిగతా రెండు సిలిండర్లు మూసుకుని క్షేమంగా ఉంటాయి. మీ బండికి అచ్చంగా ఇదే జరిగిందని ఇక్కడ కూర్చుని చెప్పలేను కానీ, ఒక్క సిలిండరే ఎందుకు పోయింది అన్నదానికి ఇంతకంటే సూటి కారణం నాకు కనబడటం లేదు.

పంపు విప్పమన్నాయన సంగతి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్‌లోంచి పొగే రాకపోతే డీజిల్ అందడం లేదని అర్థం. అప్పుడు పంపు, ఫిల్టర్లు, లైన్లో గాలి చూసుకోవాలి. మీకు తెల్లపొగ వస్తోంది, కళ్ళు మండుతున్నాయి. అది కాలకుండా ఆవిరై బయటికొస్తున్న డీజిల్. అంటే పంపు తన పని చేస్తూనే ఉంది, లోపల మంటే పుట్టడం లేదు. పంపు టైమింగ్ కూడా నిలబడ్డ బండికి దానంతట అది మారదు. పంపు ఇప్పట్లో విప్పకండి. డీజిల్‌ని సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ మీద అనుమానం మాత్రం ఉంచుకోవాలి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మంట ఎందుకు పుట్టదంటే, డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు లేదు, గాలిని నొక్కితే వచ్చే వేడే అగ్గిపుల్ల. ఆ నొక్కుడునే కంప్రెషన్ అంటారు. సైకిల్ పంపు కొడుతుంటే అడుగున చెయ్యి కాలుతుందే, అదే సంగతి. బాగున్న సిలిండర్‌లో గాలిని పద్దెనిమిదో వంతుకు కాస్త అటూ ఇటూగా నొక్కుతారు, వేడి 500 డిగ్రీల దాకా పోతుంది. నొక్కేటప్పుడు గాలి ఎటైనా జారిపోతే ఆ వేడి రాదు. పొద్దున చల్లటి ఇనుము మిగిలిన వేడిని కూడా పీల్చేస్తుంది. అందుకే పొద్దున మొండికేసిన బండి మధ్యాహ్నం మాట వింటుంది. ఇంగ్లండ్‌లో మాసీ 35కి మొదట స్టాండర్డ్ కంపెనీ 4 సిలిండర్ల డీజిల్ ఇంజన్ వచ్చేది, చలికి స్టార్ట్ కాదని దానికి చెడ్డపేరు. 1959లో మాసీ ఫెర్గూసన్ వాళ్ళు పెర్కిన్స్ కంపెనీని కొని, 3 సిలిండర్ల పెర్కిన్స్ ఇంజన్ పెట్టాక ఆ గోల తగ్గింది. చెన్నై సింప్సన్ తయారుచేసిన మీ 1035 ఇంజన్ ఆ వంశానిదే. బాగున్న 1035 మన కోస్తాలో జనవరి పొద్దున కూడా రెండు చుట్లకే అందుకోవాలి. కాబట్టి ‘పాత బండి అంతేలే’ అని సరిపెట్టుకోవద్దు.

ముందు డబ్బు ఖర్చు లేని పనులు. బ్యాటరీ ఫుల్ చార్జి చేయించండి, టెర్మినల్స్ గీకి శుభ్రం చేయండి, బాడీకి వేసే ఎర్త్ తీగ బిగించండి. ఎనిమిది నెలలు పడున్న బ్యాటరీతో సెల్ఫ్ మెల్లగా తిరిగితే మంచి ఇంజన్ కూడా అందుకోదు. నొక్కిన గాలికి జారిపోవడానికి తీరిక దొరుకుతుంది కదా. తర్వాత ఎయిర్ క్లీనర్ కింది గిన్నె విప్పండి. మా షెడ్డుకి వచ్చిన ఒక బండిలో గడ్డి, గోనె పీచు, పత్తి కలిపి కుక్కిన ఎలుక గూడు బయటపడింది, మధ్యలో పిల్లలతో సహా. గాలి లోపలికే రానప్పుడు నొక్కడానికి ఏముంటుంది? గిన్నెలో పాత నూనె పారబోసి, కడిగి, గీత దాకా కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కి పోయే రబ్బరు గొట్టాన్ని చేత్తో వంచి చూడండి, పగుళ్ళు ఉంటే మార్చేయండి. ఆ పగుళ్ళలోంచి పోయే దుమ్ము బోరుని తినేసినట్టు ఇంకేదీ తినదు.

ఇప్పుడు డిప్ స్టిక్ తీసి చూడండి. ఇంజన్ ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు చేరాయి, ఇక సెల్ఫ్ కొట్టొద్దు. ఆయిల్ మట్టం గీత దాటి పెరిగి, పల్చగా, డీజిల్ వాసన కొడుతుంటే కాలని డీజిల్ కిందికి దిగింది. అలాంటి ఆయిల్‌తో తోసి స్టార్ట్ చేసి నడపడం బేరింగులకి మంచిది కాదు.

ఇక చెవి పెట్టండి. ఇంజన్ ఆపే నాబ్ లాగి పట్టుకుని, ఒకరిచేత సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ రాదు కాబట్టి అందుకోదు, తిరుగుతుంది అంతే. మూడు సిలిండర్లు బాగుంటే సెల్ఫ్ మూల్గు సమానంగా వస్తుంది: హుమ్, హుమ్, హుమ్. ఒకటి పోతే మూడిట్లో ఒక దగ్గర బరువు లేక జారిపోతుంది: హుమ్, హుమ్, రుయ్. కుంటివాడి నడకలా ఉంటుంది. నాలుగైదు సెకన్లు చాలు. ఈ రుయ్ వినిపించిందంటే నాజిల్, పంపు అనే మాటలు అక్కడితో ఆపి కంప్రెషన్ వెంటపడొచ్చు. మూల్గు సమానంగా ఉండి బండి మిస్సవుతుంటే అనుమానం నాజిల్ మీదికి పోతుంది.

ఏ సిలిండర్ అన్నది తేల్చడానికి బండిని ఎండలో స్టార్ట్ చేసి స్లోలో ఉంచండి. నాజిల్ బిగించి ఉండే ఇంజెక్టర్‌కి వచ్చే సన్న పైపు నట్టుని పంపు వైపు కాకుండా ఇంజెక్టర్ వైపు, సగం చుట్టు వదులు చేయండి, మళ్ళీ బిగించండి. ఫ్యాన్ వైపుది 1, డ్రైవరు వైపుది 3. బాగా పనిచేస్తున్న సిలిండర్ నట్టు వదిలితే ఇంజన్ శబ్దం పడిపోతుంది, ఊపు పెరుగుతుంది. చచ్చిన సిలిండర్‌ది వదిలితే ఏ తేడా ఉండదు. నట్టు చుట్టూ గుడ్డ పెట్టండి, కళ్ళద్దాలు పెట్టుకోండి, వేలు మాత్రం పెట్టకండి. ఆ పైపులో డీజిల్ ఒత్తిడి చర్మాన్ని సూదిలా చీల్చి లోపలికి దిగుతుంది. దిగితే చిన్న చుక్కలాగే కనబడుతుంది కానీ గంటల్లో ఆపరేషన్ దాకా పోతుంది, ఆలస్యమైతే వేలు దక్కదు.

చచ్చింది 2వది అనుకుందాం. దాని ఇంజెక్టర్‌ని 1కి, 1వ దాన్ని 2కి మార్చి చూడండి. మిస్సు ఇంజెక్టర్‌తో పాటు 1కి వెళ్ళిపోతే నాజిల్ పని, అక్కడితో కథ కంచికి. 2లోనే ఉండిపోతే కంప్రెషన్. ఇంజెక్టర్ ఊడదీసే ముందు చుట్టూ మట్టి బ్రష్‌తో, గాలితో శుభ్రం చేయండి, లేకపోతే అదంతా బోరులో పడుతుంది. ఊడదీశాక అడుగున రాగి వాషర్ వచ్చిందో లేదో చూడండి. పాతది గుంటలోనే అతుక్కుని ఉండిపోతే, చూసుకోకుండా దాని మీద కొత్తది వేసేవాళ్ళని చాలామందిని చూశాను. రెండు వాషర్ల మీద ఇంజెక్టర్ ఎత్తుగా కూర్చుంటుంది, డీజిల్ పడాల్సిన చోట పడదు. ఎత్తైన ఇంజెక్టర్ తెల్లపొగ కొడితే దానికి కూడా పాపం బోరునే అంటారు. బిగించేటప్పుడు రెండు నట్లనీ సమంగా, కొంచెం కొంచెంగా బిగించండి.

ఇంజెక్టర్లు మార్చినా మిస్సు అక్కడే ఉంటే, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు జోలికి పోకుండా, దాని పైన వాల్వుల్ని కప్పే టాపెట్ కవర్ ఒక్కటే విప్పండి. గ్యాస్కెట్ తప్ప దీనికి ఖర్చేమీ లేదు. చచ్చిన సిలిండర్ వాల్వులు రెంటినీ చూస్తూ, పుల్లీ నట్టుకి స్పానర్ వేసి ఇంజన్‌ని మెల్లగా తిప్పించండి. రెండు వాల్వులూ సమానంగా దిగి, సమానంగా లేవాలి. ఒకటి దిగి లేవకుండా ఉండిపోతే, దాన్ని నొక్కే రాకర్ కింద వేలు దూరేంత ఖాళీ కనబడి, రాకర్‌ని కింది నుంచి ఎత్తే పుష్ రాడ్ లొడలొడలాడుతుంటే, ఆ వాల్వ్ గైడులో తుప్పుకి అంటుకుపోయింది. నాకు మీ బండిలో కనబడుతుందని ఆశ ఉన్నది ఇదే, ఎందుకంటే దీనికి అయ్యే ఖర్చు ఒక చెంచాడు డీజిల్. వాల్వ్ కాడ మీద డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి, ఒక రాత్రి నాననిచ్చి, పిస్టన్ కిందికి దిగి ఉన్నప్పుడు చెక్క సుత్తితో వాల్వ్ నెత్తిన మెల్లగా తట్టండి. ఇంకొంచెం దిగుతుంది, స్ప్రింగ్ ఎగదన్నుతుంది, మళ్ళీ తట్టండి. పది ఇరవై సార్లకి కదలిక వస్తుంది. పిస్టన్ పైన ఉన్నప్పుడు తట్టితే వాల్వ్ వెళ్ళి దానికే గుద్దుకుంటుంది, అది గుర్తుంచుకోండి.

వాల్వులు బాగానే ఆడుతుంటే గ్యాప్ కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్ తీయండి. ఈ పెర్కిన్స్ తరహా ఇంజన్లకి చల్లగా ఉన్నప్పుడు వాల్వ్‌కీ రాకర్‌కీ మధ్య 12 థౌ, అంటే 0.30 మి.మీ. గ్యాప్. మీ బండి మాన్యువల్ ఉంటే దాన్లో అంకె ఒకసారి సరిచూసుకోండి. ఏ సిలిండర్‌కి గ్యాప్ చూడాలో దాని రెండు వాల్వులూ ఒకేసారి ఊగే చోటు, అంటే ఎగ్జాస్ట్ మూసుకుంటూ, గాలిని లోపలికి తీసుకునే ఇన్లెట్ తెరుచుకునే చోటు పట్టుకుని, అక్కడ నుంచి పుల్లీని కచ్చితంగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఇప్పుడు ఆ సిలిండర్ పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చి ఉంటుంది, రెండు వాల్వులూ మూసి ఉండాలి. గేజ్ అసలు దూరకపోతే వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోవడం లేదన్నమాట. గ్యాప్ సెట్ చేసి స్టార్ట్ చేయండి. దాంతోనే తెల్లపొగ పోయిన బండ్లు నా చేతి మీదుగా చాలానే వెళ్ళాయి.

అన్నీ సరిగా ఉన్నా రుయ్ మానకపోతే ఇప్పుడు గేజి కావాలి. పెట్రోలు బండ్ల కంప్రెషన్ గేజి తెచ్చేవాణ్ణి షెడ్డులోకి రానివ్వకండి, డీజిల్ ఒత్తిడికి అది పగులుతుంది. చదరపు అంగుళానికి 1000 పౌండ్ల దాకా చూపించే డీజిల్ గేజి, మీ ఇంజెక్టర్ గుంటకి సరిపోయే అడాప్టర్ కావాలి. టౌన్లో నాజిల్, పంపు పని చేసే షాపుల దగ్గర ఉంటుంది. మూడు ఇంజెక్టర్లూ తీసేసి, డీజిల్ రాకుండా నాబ్ లాగి, బ్యాటరీ నిండుగా ఉండగా ఒక్కో సిలిండర్‌కీ ఒకే రకంగా ఆరేడు చుట్లు తిప్పి అంకె రాసుకోండి. ఇలాంటి ఇంజన్‌కి మామూలుగా 350 నుంచి 450 పౌండ్లు ఉంటుంది. సెల్ఫ్ మెల్లగా తిరిగితే అన్నీ తక్కువే చూపిస్తాయి, కాబట్టి అంకె కంటే మూడిటి మధ్య తేడా మీద కన్నెయ్యండి. 50 పౌండ్లకి మించి తేడా ఉంటే ఆ సిలిండర్‌లో లీకు ఉన్నట్టే. 380, 370, 210 అని వచ్చిందనుకోండి, మొదటి రెండూ మీ బోరుకి సాక్ష్యం చెబుతున్నాయి.

ఇక్కడ మెకానిక్‌లు ఒక పాత చిట్కా వాడతారు. బోరులో కొంచెం ఆయిల్ పోసి మళ్ళీ గేజి పెడతారు. అంకె పెరిగితే రింగులు పోయాయని, పెరగకపోతే వాల్వులని. పెట్రోలు ఇంజన్‌కి అది సరే, డీజిల్‌లో నమ్మకండి. మీ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 800 సీసీ. పిస్టన్ పైకొచ్చాక గాలికి మిగిలే చోటు 47 సీసీ ఉంటుందేమో. దాన్లో ఒక్క టీ చెంచా, 5 సీసీ ఆయిల్ పోస్తే చోటు 42కి తగ్గుతుంది, 18 వంతుల నొక్కుడు కాస్తా 20 అవుతుంది. రింగులు బాగున్నా, పోయినా అంకె పెరగాల్సిందే! పైగా చెయ్యి జారి గరిటెడు పోశారంటే పిస్టన్‌కి పైకొచ్చే చోటుండదు, పిస్టన్‌ని మోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

దానికంటే నేను నమ్మేది పంక్చర్ షాపు గాలి. గేజి దొరక్కపోయినా పరవాలేదు, ఈ పని తప్పకుండా చేయండి. పాత ఇంజెక్టర్ బాడీ ఒకటి తీసుకుని, లోపలి సామాను తీసేసి, లేత్ షాపులో ఆ కొస నుంచి ఈ కొస దాకా బెజ్జం వేయించి, పైన ట్యూబు వాల్వ్ వెల్డింగ్ పెట్టించండి, దాని పిన్ను తీసేయండి. చచ్చిన సిలిండర్‌ని నేను పైన చెప్పిన లెక్కలో కంప్రెషన్ పైకి తెచ్చి, బండిని టాప్ గేరులో పెట్టి, బ్రేకులు లాక్ చేయండి. అప్పుడు 90 పౌండ్ల గాలి వదలండి. 9 సెంటీమీటర్ల పైచిలుకు పిస్టన్ మీద 90 పౌండ్లంటే దాదాపు 4 క్వింటాళ్ళ తోపు, ఇంజన్ గభాలున తిరగొచ్చు. ఫ్యాన్ దగ్గర ఎవరూ చేతులు పెట్టకూడదు. స్పానర్ పుల్లీ మీద వదిలెయ్యకూడదు.

గాలి వదిలాక అందర్నీ మాట్లాడకుండా ఉండమనండి. మూరెడు ప్లాస్టిక్ గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొసతో వెతకండి. సైలెన్సర్ మూతి దగ్గర స్‌స్ అంటే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ క్లీనర్ గొట్టంలో అంటే ఇన్లెట్ వాల్వ్. రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్ళలో బుడగలొస్తుంటే హెడ్ గ్యాస్కెట్, లేదంటే హెడ్డులో పగులు. పక్క సిలిండర్ ఇంజెక్టర్ గుంటలోంచి గాలి కొడితే రెండిటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. ఆయిల్ పోసే మూతి తీస్తే, లేదా ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలో హోరు వినబడితే అప్పుడు, అప్పుడు మాత్రమే రింగులు, లైనర్ల (బోరు లోపలి తొడుగుల) వైపు గాలి పోతోంది. బ్రీదర్‌లో కొంచెం చప్పుడు ఏ ఇంజన్‌కైనా ఉంటుంది, రింగుల కొసల మధ్య సన్న సందు ఉంటుంది కదా. అందుకే బాగున్న సిలిండర్‌కి కూడా ఇదే పరీక్ష పెట్టి రెండు చప్పుళ్ళనీ పోల్చుకోండి. నన్నడిగితే మీ బండికి స్‌స్ సైలెన్సర్ దగ్గరే వినబడుతుంది.

ఇంత చాదస్తంగా ఎందుకు చెబుతున్నానంటే, షెడ్డు పెట్టిన కొత్తల్లో నేనూ ఒక తప్పు చేశాను. తెల్లపొగ, ఒక సిలిండర్ మిస్సు, పాత బండి. చూడగానే బోరు అన్నాను. లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ కొత్తవి వేశాను. హెడ్డు పైకి బాగానే కనబడింది, తుడిచి అలాగే ఎక్కించాను. స్టార్ట్ చేస్తే అదే మిస్సు. హెడ్డు మళ్ళీ దించి, పక్కకి తిప్పి పోర్టుల్లో కిరోసిన్ పోస్తే 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు నుంచి ధారగా కారింది. వాల్వ్ అంచున గోరంత నొక్కు, కాలిపోయి ఉంది. ఆ రైతు నన్నేమీ అనలేదు. కూలి డబ్బు నేనే తీసుకోలేకపోయాను. కిరోసిన్ పోసే ఆ పని ముందే చేసి ఉంటే ఆయన లైనర్లు ఇంకో అయిదేళ్ళు నడిచేవి.

గాలి వాల్వుల వైపు పోతుంటే హెడ్డు మాత్రం దించండి. సీటు మీద తుప్పు మచ్చలు పైపైనే ఉంటే చేత్తో ల్యాపింగ్, అంటే పేస్టు రాసి రుద్దడం, చాలు. గుంటలు పడితే లేత్ షాపులో సీటు కట్ చేయించి, వాల్వులు మార్చండి. గైడులు లూజు చూడండి. హెడ్డు అడుగు వంకర లేకుండా ఉందో లేదో స్కేలు పెట్టి చూడమనండి. ఎక్కించే ముందు కిరోసిన్ పరీక్ష మీ కళ్ళ ముందు చేయించుకోండి. హెడ్డు దించినప్పుడు బోరు కూడా కనబడుతుంది, పై అంచున గోరు పెట్టి కిందికి లాగండి. గోరు గట్టుకి తట్టుకుని ఆగితే లైనర్ అరిగినట్టు. ఆ గట్టు ఉన్న బోరులో ‘రింగులొక్కటే మార్చేద్దాం’ అనే చౌక బేరానికి ఒప్పుకోవద్దు. కొత్త రింగు పదునైన అంచు ఆ గట్టుకి కొట్టుకుని విరుగుతుంది.

గాలి బ్రీదర్ వైపు హోరెత్తితే కూడా నిలబడ్డ బండి కాబట్టి ఒక అవకాశం ఇచ్చి చూడండి. రింగులు మసితో, తుప్పుతో గాడిలో బిగుసుకుని ఉండొచ్చు. డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి, ఆ సిలిండర్లో ఇంజెక్టర్ గుంటలోంచి రెండు చెంచాలు పోసి రెండు రాత్రులు వదిలేయండి. మధ్యలో పుల్లీని చేత్తో అటూ ఇటూ తిప్పుతుండండి. తర్వాత ఇంజెక్టర్లు బయటే ఉంచి, గుంటల మీద గుడ్డ కప్పి, దూరంగా నిలబడి సెల్ఫ్ కొట్టండి. ఉన్న నూనంతా చిమ్మేస్తుంది. ఇంజెక్టర్లు వేసేసి సెల్ఫ్ కొట్టారంటే పైన చెప్పినట్టు రాడ్ వంగే ప్రమాదం ఉంది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి స్టార్ట్ చేసి, రెండు మూడు రోజులు లోడుతో నడపండి. ఖాళీగా స్లోలో ఉంచితే రింగులు తెరుచుకోవు, గొర్రు తగిలించి పని చెప్పండి. అప్పటికీ హోరు తగ్గకపోతే ఆ మొదటి మెకానిక్ మాట నిజం, బోరు పని చేయించండి. అప్పుడు 70 వేలు వృథా అని నేను అనను.

ఇవన్నీ అయ్యేదాకా ఎయిర్ క్లీనర్ ముందు గుడ్డ కాల్చి పట్టడం, తొందరగా అందుకోవాలని స్టార్టింగ్ స్ప్రే కొట్టడం మానేయండి. స్ప్రే ముందే పేలి పిస్టన్ మీద సమ్మెట దెబ్బలా పడుతుంది, బాగున్న రింగులు కూడా విరుగుతాయి. కాలే గుడ్డ పీలికలు లోపలికి పీల్చుకుంటుంది, అవి వాల్వ్ సీటు మీద కూర్చుంటాయి. అసలు రోగానికి కొసరు రోగం.

జూలైకి ఇంకా టైముంది. చెవి పరీక్ష, పైపు నట్టు పరీక్ష, టాపెట్ కవర్ విప్పడం అంతా కలిపి ఒక పూట పని. గాలి పరీక్షకి ఇంకో పూట. మూడు సిలిండర్ల అంకెలు, స్‌స్ ఎక్కడ వినబడిందీ రాసి పంపండి, హెడ్డు దించాలో వద్దో అప్పుడు చెబుతాను. సైలెన్సర్ మూతి మీద మాత్రం ఈ రోజే ఒక రేకు డబ్బా బోర్లించండి, స్టార్ట్ చేసేటప్పుడు తీయడం మర్చిపోకుండా దానికో తాడు కట్టి స్టీరింగ్‌కి వేలాడదీయండి.